బ్లాక్ సబాత్ తొలి పాటలు, తొలి ఆల్బమ్: రెండో వైపు ఎవరూ వినరెందుకు?

పాతరికార్డు
శనివారం, రాత్రి 9:10

ఈ వేదికలో ఇంగ్లండు హెవీ మెటల్ బృందం బ్లాక్ సబాత్ ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ చర్చ సరాసరి రెండో ఆల్బమ్ ‘పారనాయిడ్’ దగ్గరికి వెళ్ళిపోతోంది. మొదటి ఆల్బమ్ గురించి ఎవరైనా ఒక మాట అంటే అది మొదటి పాట గురించే. బృందం, ఆల్బమ్, ఆ పాట, మూడింటి పేరూ ‘బ్లాక్ సబాత్’. వాన, గంట, ఆ మూడు స్వరాలు, ఒళ్ళు జలదరించడం. ఆ తరువాత ముల్లు ఎత్తేస్తారు. రెండో వైపు ఏముందో చెప్పమంటే నోరు మెదిపేవాళ్ళు కనబడరు.

నా అభిప్రాయం చెబుతాను, తిట్టేవాళ్ళు తిట్టండి. దాన్ని స్టూడియో ఆల్బమ్‌గా వింటే సగమే దక్కుతుంది. క్లబ్బుల్లో నలిగిన ఒక బ్లూస్ బృందం కచేరీని యథాతథంగా పట్టిన రికార్డు అది. 1969 అక్టోబరు 16న లండన్‌లోని రీజెంట్ సౌండ్ స్టూడియోకు వెళ్ళారు, పన్నెండు గంటల్లో మొత్తం వాయించేసి బయటపడ్డారు. వాళ్ళకు ఇచ్చిందే రెండు రోజులు, అందులో ఒకటి మిక్సింగ్‌కు పోతుంది. ఓజీ ఓస్బోర్న్‌ను విడిగా ఒక చిన్న గదిలో నిలబెట్టారు. టోనీ అయోమి గిటారు, గీజర్ బట్లర్ బేస్, బిల్ వార్డ్ డ్రమ్స్ మోగుతుంటే అతను అప్పటికప్పుడే పాడాడు. చాలా పాటలకు రెండోసారి వాయించే అవకాశమే రాలేదు. మర్నాడు కచేరీ కోసం స్విట్జర్లాండ్ ప్రయాణం.

వాన, ఉరుము, గంట మోత అన్నీ ఆ తరువాత చేర్చినవే. అంటే మనం ఇన్నేళ్ళుగా దేని గురించి కథలు చెప్పుకుంటున్నామో ఆ మొదటి అరనిమిషంలో వాళ్ళ వాయిద్యం ఒక్కటీ లేదు! వాళ్ళు చేసిందంతా దాని తరువాత ఉంది. దాన్ని చివరిదాకా వినండి అంటున్నాను, అంతే.

నైట్‌డ్యూటీ
శనివారం, రాత్రి 9:48

మాస్టారూ, రెండో వైపు నేను విన్నాను. ‘వార్నింగ్’ మొదలయ్యాక లేచి టీ పెట్టుకుని, తాగి, గ్లాసు కడిగి వచ్చాను. గిటారు సోలో అక్కడే ఉంది.

పైగా అది వాళ్ళ పాట కాదు. ‘ఈవిల్ వుమన్’ కూడా వాళ్ళది కాదు. ఏడు పాటల రికార్డులో రెండు అరువు సరుకు. ‘పారనాయిడ్’లో అలాంటి దిక్కుమాలిన పని ఎక్కడైనా ఉందా? 1970 ఫిబ్రవరిలో మొదటిది, అదే ఏడాది సెప్టెంబరులో రెండోది. ఏడు నెలల్లో వాళ్ళు పాటలు రాయడం నేర్చుకున్నారు. మొదటిది అభ్యాసం, రెండోది ఆల్బమ్. శుభం.

ఆరోతీగ
శనివారం, రాత్రి 10:15

నైట్‌డ్యూటీ తమ్ముడూ, అంత తొందరగా శుభం కార్డు వేయకు.

‘ఈవిల్ వుమన్’ విషయంలో నీతో పేచీ లేదు. అమెరికాలోని మినియాపోలిస్‌కు చెందిన క్రో అనే బృందం పాట అది. సింగిల్‌గా వేస్తే అమ్ముడవుతుందన్న ఆశతో వీళ్ళ చేత పాడించారు, 1970 జనవరిలో వదిలారు, అది ఎక్కడా నిలవలేదు. అయోమికి కూడా ఆ పాట మీద పెద్ద ప్రేమ లేదు. ఒప్పుకుంటాను.

‘వార్నింగ్’ సంగతి వేరు. డ్రమ్మర్ ఏన్స్‌లీ డన్‌బార్ తన బృందంతో 1967లో చేసిన బ్లూస్ పాట అది. వీళ్ళు దాన్ని కచేరీల్లో వాయించీ వాయించీ తమదిగా చేసుకున్నారు. ఎందుకు సాగదీశారో తెలియాలంటే హాంబర్గ్ వెళ్ళాలి. బీటిల్స్ వాయించిన స్టార్ క్లబ్‌లోనే వీళ్ళూ 1969లో వాయించారు. ఒక్క రోజులో ముప్పావు గంట చొప్పున అనేక విడతలు. చేతిలో ఉన్న పాటలు గుప్పెడు. మిగతా కాలమంతా ఎవరు నింపాలి? గిటారు వాడే. అలా పుట్టింది ఆ పది నిమిషాల ‘వార్నింగ్’. స్టూడియోలో ఇంకా పొడవుగా వాయిస్తే నిర్మాత రోజర్ బెయిన్ బృందం కోసి ఈ పది నిమిషాలు మిగిల్చింది. అయోమి మాత్రం తన సోలోను కోశారని తరువాత నొచ్చుకున్నాడు. నీకు పది నిమిషాలు ఎక్కువైంది, ఆయనకు తక్కువైంది!

అక్షరాలపురుగు
శనివారం, రాత్రి 10:52

చర్చ బాగుంది. నాకు ఒక సందేహం. ఈ ఆల్బమ్‌కు ముందు వీళ్ళు ఏమేం వాయించారు? 1968లో మొదలై 1970లో ఆల్బమ్ వచ్చింది కదా, మధ్యలో రికార్డు చేసినవి ఏమైనా ఉన్నాయా? పాతరికార్డు గారికి తెలిసే ఉంటుంది.

పాతరికార్డు
శనివారం, రాత్రి 11:30

ఉన్నాయండీ. అవి వింటే ఈ మనుషులేనా అనిపిస్తుంది.

1968లో బృందం పేరు పోల్కా టల్క్ బ్లూస్ బ్యాండ్. మొత్తం ఆరుగురు. ఒకాయన స్లైడ్ గిటారు, ఇంకొకాయన సాక్సఫోన్. కొద్ది రోజులకే వాళ్ళిద్దరూ తప్పుకున్నారు, మిగిలిన నలుగురూ ఎర్త్ అన్న పేరు పెట్టుకున్నారు. ఆ పేరుతో ఇంగ్లండులో ఇంకో బృందం అప్పటికే తిరుగుతోంది, దానితో తికమక. అది పోగొట్టుకోవడానికే 1969లో మళ్ళీ పేరు మార్చారు.

ఎర్త్ రోజుల్లో ‘ద రెబెల్’ అని ఒక డెమో చేశారు. నార్మన్ హెయిన్స్ అనే బర్మింగ్‌హామ్ సంగీతకారుడి రచన. ఆ కాలపు పాప్ పాట ఎలా ఉంటుందో అలా సాఫీగా నడుస్తుంది. ‘సాంగ్ ఫర్ జిమ్’ అని ఇంకొకటి, అప్పటి మేనేజర్ జిమ్ సింప్సన్ పేరు మీద కట్టినది, పూర్తిగా జాజ్ పోకడ. సింప్సన్ స్వయంగా జాజ్ మనిషి, బర్మింగ్‌హామ్‌లో ఒక పబ్ మేడ మీద ‘హెన్రీస్ బ్లూస్‌హౌస్’ అని క్లబ్బు నడిపేవాడు. వీళ్ళు అక్కడే తేలారు.

ఇంకో ముచ్చట. 1968 చివర్లో అయోమి వీళ్ళను వదిలి జెత్రో టల్ బృందంలో చేరాడు. రోలింగ్ స్టోన్స్ వాళ్ళు డిసెంబరులో చిత్రీకరించిన ‘రాక్ అండ్ రోల్ సర్కస్’లో టోపీ పెట్టుకుని తల దించుకుని గిటారు పట్టుకున్న కుర్రాడు ఆయనే. అక్కడ ఇమడలేక కొద్ది వారాల్లోనే వెనక్కి వచ్చేశాడు. వచ్చేటప్పుడు ఒక అలవాటు వెంట తెచ్చాడు: పొద్దున్న తొమ్మిదికల్లా సాధనకు హాజరు కావాలి. నిద్ర లేవని వాళ్ళను బండిలో ఎక్కించుకుని మరీ తీసుకెళ్ళేవాడట. రీజెంట్ సౌండ్‌లో ఒక్క రోజులో పని ముగిసిందంటే దాని వెనక ఆ తొమ్మిది గంటల పట్టుదల ఉంది.

సొంతంగా రాసుకున్న తొలి పాటలు ‘వికెడ్ వరల్డ్’, ‘బ్లాక్ సబాత్’. ఈ రెండూ పక్కపక్కన పెట్టి వినండి. మొదటిది ఇంకా జాజ్ క్లబ్బులోనే ఉంది, రెండోది ఎక్కడుందో చెప్పడానికి అప్పటికి చోటే లేదు.

డోలు_దెబ్బ
ఆదివారం, ఉదయం 7:05

‘వికెడ్ వరల్డ్’ పేరు ఎత్తినందుకు పాతరికార్డు గారికి నమస్కారం. మొదట్లో హై-హ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట సింబళ్ళు) మీద బిల్ వార్డ్ చేసే పని వినండి. రాక్ డ్రమ్మర్లు అలా వాయించరు, చిన్నప్పటి నుంచి జాజ్ డ్రమ్మర్ జీన్ క్రూపాను విన్నవాడి చేయి అది.

అందరూ అయోమి వేళ్ళ గురించే మాట్లాడతారు. వార్డ్‌ను ఎవరూ పట్టించుకోరు, నాకు అదే బాధ. మొదటి పాటలో మీరు నిజంగా చెవి పెట్టాల్సింది రిఫ్ (గిటారు మీద మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న స్వరవరస) స్వరాల మధ్య ఖాళీలో. తాళం నిలకడగా వేసి ఊరుకుంటే పాట ఈడుస్తుంది. వార్డ్ తాళం వేయడు, గిటారు మాటకు జవాబు చెబుతాడు. ఒకసారి టామ్‌ల మీద దొర్లించి వదిలేస్తాడు, ఇంకోసారి ఒక్క సింబల్ కొట్టి ఊరుకుంటాడు. నాలుగున్నర నిమిషాలు దాటాక పాట ఒక్కసారిగా పరుగందుకునే చోట మాత్రం పద్ధతి మొత్తం మార్చేస్తాడు. ఒకే టేకులో, చెవిలో టిక్ టిక్ మంటూ లయ చూపించే క్లిక్ ట్రాక్ ఊసు లేని కాలంలో ఆ మలుపు తీసుకోవడం ఆషామాషీ వ్యవహారం కాదు.

ఇవాళ్టి మెటల్ రికార్డుల్లో ప్రతి దెబ్బనూ కంప్యూటర్‌లో గీత మీద పెట్టి సరిచేస్తున్నారు. వింటే నాకు ఆవలింతలు వస్తాయి.

నైట్‌డ్యూటీ
ఆదివారం, ఉదయం 10:20

డ్రమ్స్ సంగతి ఒప్పుకున్నాను. ఆ భారమైన ధ్వని మాత్రం గిటారు శ్రుతి దించడం వల్లే కదా వచ్చింది? ఇనుప ఫ్యాక్టరీలో వేళ్ళు తెగిపోతే తీగలు వదులు చేసుకున్నాడు, దాంతో మెటల్ పుట్టింది. ఇది అందరికీ తెలిసిన కథే.

ఆరోతీగ
ఆదివారం, ఉదయం 11:02

అందరికీ తెలిసిన కథలో సగం తరువాతి కాలానిది తమ్ముడూ. మొదటి ఆల్బమ్ మామూలు శ్రుతిలోనే ఉంది. గిటారు తీసుకుని రికార్డుతో పాటు వాయించి చూడు, తీగ ఒక్కటి కూడా దించక్కర్లేదు. శ్రుతిని మూడు అర్ధస్వరాలు దించడం మూడో ఆల్బమ్ ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’లో, 1971లో మొదలైంది.

వేళ్ళ కథ మాత్రం నిజం, కాస్త వివరంగా చెబుతాను. అయోమికి పదిహేడేళ్ళు. రేకుల ఫ్యాక్టరీలో ఆ రోజు ఉద్యోగానికి ఆఖరి రోజు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చి ఇక వెళ్ళనన్నాడు. తల్లి ఊరుకోలేదు, మొదలుపెట్టిన పని పూర్తి చేసి రమ్మని పంపింది. ఆయన మామూలుగా చేసేది వెల్డింగ్. ఆ రోజు ప్రెస్ నడిపే మనిషి రాకపోతే ఆ యంత్రం మీద నిలబెట్టారు. కుడి చేతి మధ్యవేలు, ఉంగరపు వేలు కొసలు పోయాయి. ఆయన ఎడమచేతి వాటం వాడు, అంటే తీగలు నొక్కేది ఆ కుడి చేయే.

నిరాశలో ఉన్నవాడికి ఫ్యాక్టరీ ఫోర్‌మన్ జాంగో రైన్‌హార్ట్ రికార్డు వినిపించాడు. అగ్నిప్రమాదంలో ఎడమ చేతి రెండు వేళ్ళు చచ్చుబడినా వాయించిన జాజ్ గిటారిస్టు ఆయన. దాంతో పట్టుదల వచ్చింది. గిన్నెలు తోమే ద్రవం ప్లాస్టిక్ సీసా కరిగించి వేలి తొడుగులు చేసుకున్నాడు, ఆకారం వచ్చేదాకా అరగదీశాడు, తీగ జారకుండా పైన పాత తోలు చొక్కా ముక్క అతికించాడు. మామూలు గిటారు తీగలు నొక్కితే నొప్పి. సన్న తీగలు అప్పట్లో అంగళ్ళలో దొరకవు. బాంజో తీగలు తెచ్చి కట్టుకున్నాడు.

దీనివల్ల రెండు ఫలితాలు. ఆ తొడుగుల్లోంచి స్పర్శ తెలియదు గనుక ఎంత గట్టిగా నొక్కుతున్నాడో చెవితోనే తూచుకోవాలి. కొన్ని నిండు కార్డులు (ఒకేసారి మోగించే స్వరాల గుత్తులు) ఆ చేతికి లొంగవు గనుక రెండు మూడు స్వరాల కార్డులే ఆయుధం. తక్కువ స్వరాలు గనుక ఎంత మోతగా పెంచినా కలగాపులగం కావు. మొదటి ఆల్బమ్ ధ్వని ఇదీ.

అన్నట్టు, రికార్డింగుకు ఆయన తెచ్చుకున్నది ఫెండర్ స్ట్రాటోకాస్టర్. ‘వికెడ్ వరల్డ్’ అవగానే దాని పికప్ (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) పాడైంది. పక్కన ఆపద్ధర్మంగా ఉంచుకున్న గిబ్సన్ ఎస్‌జీ తీసి మిగతా పాటలన్నీ దానిమీదే వాయించాడు. అంతే, జీవితాంతం ఎస్‌జీ మనిషి అయిపోయాడు. పాడైన ఆ పికప్‌కు ఎవరైనా దండ వేయాలి.

మేళకర్త72
ఆదివారం, సాయంత్రం 4:40

నేను కర్ణాటక సంగీతం పాడేదాన్ని, రాక్ విషయంలో కొత్త. మా అబ్బాయి ఈ చర్చ చూపించి ఆ మొదటి పాట వినిపించాడు. విన్నాక ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ఆ మూడు స్వరాలు ఏమిటంటే మంద్రంలో షడ్జం, దానిపై షడ్జం, ఆ తరువాత ప్రతి మధ్యమం (రెండు ‘మ’ల్లో పై ‘మ’). మా వాడు దీన్ని ‘సైతాను స్వరం’ అంటారని, మధ్యయుగంలో చర్చి నిషేధించిందని చెప్పాడు. నాకు నవ్వు వచ్చింది. డెబ్బై రెండు మేళకర్తల్లో ముప్పై ఆరు ప్రతి మధ్యమం ఉన్నవే! కల్యాణి అంటేనే మంగళం. త్యాగరాజ స్వామి ‘నిధి చాల సుఖమా’ పాడుతూ ఎవరైనా దయ్యానికి భయపడ్డారా?

అయినా భయం వేసిన మాట నిజం, దాచను. అదే స్వరం అక్కడ శాంతినిచ్చి ఇక్కడ ఎందుకు వణికిస్తోందని ఆలోచించాను. మాకు తంబూరా ఉంటుంది. షడ్జ పంచమాలు నేలలా కింద పరుచుకుని ఉంటాయి, ప్రతి మధ్యమం ఆ నేల మీద నిలబడి పంచమం వైపు చూస్తుంది. ఈ పాటలో గిటారు ప్రతి మధ్యమానికి వెళితే బేస్ కూడా దాని వెంటే వెళ్ళిపోతోంది. షడ్జాన్ని పట్టుకుని కూర్చున్నవాళ్ళు ఎవరూ లేరు. పైగా ఆయన ఆ స్వరాన్ని పంచమానికి చేర్చడు, అక్కడే వేలితో వణికిస్తూ ఆపేస్తాడు. ఆధారం లేని గమకం. భయం అందులో ఉంది.

ఆరోతీగ
ఆదివారం, సాయంత్రం 5:25

అమ్మా, పాదాభివందనం. ముప్పై ఏళ్ళుగా ఆ రిఫ్ వాయిస్తున్నాను, బేస్ వెంట వెళ్ళడం వల్లే నేల కదిలినట్టు ఉంటుందన్న సంగతి ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు.

చర్చి నిషేధం కథకు ఆధారాలు లేవు. ‘సంగీతంలో సైతాను’ అన్న లాటిన్ మాట మాత్రం సిద్ధాంత గ్రంథాల్లో ఉంది, అదీ పద్దెనిమిదో శతాబ్దపు మొదట్లో వచ్చినవాటిలో. అయోమి ఆ పుస్తకాలేవీ చదవలేదు. సాధన గదిలో గీజర్ బట్లర్ తనకు నచ్చిన ఇంగ్లీషు స్వరకర్త హోల్స్ట్ రచన ‘ద ప్లానెట్స్’లోని ‘మార్స్’ భాగాన్ని బేస్ మీద వాయిస్తూ ఉండేవాడు. అందులోనూ ఇదే స్వరాంతరం ఉంది. అది చెవిలో పడ్డాక మర్నాడు అయోమి ఈ రిఫ్‌తో వచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలపు వాద్యబృంద రచన నుంచి బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ కుర్రాళ్ళ చేతికి వచ్చింది.

అక్షరాలపురుగు
ఆదివారం, రాత్రి 8:15

ఇక సాహిత్యం గురించి నేను మాట్లాడాలి, లేకపోతే నా పేరుకు అర్థం లేదు.

ఈ బృందాన్ని సైతాను భక్తులని అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆడిపోసుకుంటూనే ఉన్నారు. మొదటి పాట మాటలు చదివితే విషయం తెలుస్తుంది. ఎదురుగా ఒక నల్లటి ఆకారం నిలబడి తనవైపే వేలు చూపిస్తుంది. కథానాయకుడు వెనుదిరిగి పరుగెత్తుతాడు, దేవుణ్ణి సాయం అడుగుతాడు. భక్తుడైతే పారిపోతాడా? దీని వెనక గీజర్ అనుభవం ఉంది. అతను తన గది గోడలకు నల్ల రంగు వేసి, తలకిందుల సిలువలు పెట్టుకుని, క్షుద్రవిద్యల పుస్తకాలు చదివే దశలో ఉన్నాడు. ఓజీ ఒక పాత మంత్రగ్రంథం తెచ్చి ఇచ్చాడు. ఆ రాత్రి మెలకువ వస్తే మంచం కాళ్ళ దగ్గర ఒక నల్లని ఆకారం నిలబడి ఉందట. లేచి, పుస్తకం దాచిన బీరువాలో చూస్తే అది లేదట. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం. గీజర్ మాత్రం ఆ దెబ్బతో గది రంగు మార్చాడు, ఓజీ ఆ సంగతిని పాట చేశాడు.

మిగతా పాటలు చూడండి. ‘ద విజార్డ్’కు ప్రేరణ టోల్కీన్ నవలల్లోని గాండాల్ఫ్. ఊళ్ళోకి వచ్చి జనం బాధలు పోగొట్టే మంచి మాంత్రికుడు. అందులో హార్మోనికా వాయించింది ఓజీయే. ‘బిహైండ్ ద వాల్ ఆఫ్ స్లీప్’ పేరు భయానక కథల రచయిత లవ్‌క్రాఫ్ట్ కథను తలపిస్తుంది. ‘ఎన్.ఐ.బి.’లో సైతాను స్వయంగా మాట్లాడతాడు, ఏమని? ఒక అమ్మాయి మీద మనసు పడ్డానని, మారిపోతానని! ఆ మూడు అక్షరాలకు జనం ఏవేవో చీకటి అర్థాలు తీశారు. బిల్ వార్డ్ గడ్డం పెన్ను పాళీలా (ఇంగ్లీషులో ‘నిబ్’) ఉందని తోటివాళ్ళు ఏడిపించడం దాని అసలు మూలం.

అట్ట లోపల తలకిందుల సిలువ వేసింది రికార్డు కంపెనీ. బృందానికి ముందుగా చెప్పనేలేదు, చూశాక వాళ్ళకు నచ్చలేదు. వాళ్ళు మెడలో వేసుకున్నవి మాత్రం నిటారు సిలువలే. ఓజీ తండ్రి పనిముట్లు చేసే కార్మికుడు, ఆయనే అల్యూమినియంతో వాటిని చేసి ఇచ్చాడు.

బర్మింగ్‌హామ్_బాబాయి
ఆదివారం, రాత్రి 11:50

అబ్బాయిలూ, చాలాకాలంగా ఈ ఊళ్ళోనే ఉంటున్నాను గనుక రెండు మాటలు.

నలుగురిదీ ఆస్టన్ ప్రాంతం, నలుగురూ 1948, 49లలో పుట్టినవాళ్ళు. ఆల్బమ్ రికార్డు చేసిన రోజున ఒక్కొక్కరికి ఇరవై, ఇరవై ఒకటి. ఓజీ కబేళాలో పనిచేశాడు, కారు హారన్లు మోగుతున్నాయో లేదో పరీక్షించే పని చేశాడు, దొంగతనం కేసులో కొన్ని వారాలు జైల్లో ఉన్నాడు. గీజర్ లెక్కల పద్దుల ఉద్యోగంలో శిక్షణకు చేరినవాడు. ఒక రికార్డుల దుకాణంలో ‘ఓజీ జిగ్‌కు అవకాశం కావాలి, సొంత స్పీకర్లు ఉన్నాయి’ అన్న ప్రకటన చూసి అయోమి, వార్డ్ అతని ఇంటికి వెళ్ళారు. తలుపు తీసిన మనిషిని చూసి అయోమి నీరుగారిపోయాడు. ఇద్దరూ ఒకే బడి, అయోమి ఒక తరగతి పైన. ఓజీ పాడతాడన్న సంగతే ఆయనకు తెలియదు.

బృందం పేరు కూడా వీధిలోంచి వచ్చిందే. సాధన చేసే చోటుకు ఎదురుగా సినిమా హాలు. మారియో బావా 1963లో తీసిన భయానక చిత్రం ‘బ్లాక్ సబాత్’ ఆడుతోంది. డబ్బిచ్చి మరీ భయపడటానికి జనం వరస కట్టారు. ఇది చూసి సంగీతంతోనూ అదే పని చేయవచ్చు కదా అనుకున్నారు.

ఇప్పుడు బ్రాడ్ స్ట్రీట్‌లో కాలువ మీది వంతెనకు వాళ్ళ పేరు పెట్టారు, నలుగురి ముఖాలతో 2019లో ఒక బెంచీ వేశారు. 2025 జులై 5న ఆస్టన్‌లోనే విల్లా పార్క్ స్టేడియంలో నలుగురూ చివరిసారి కలిసి వాయించారు. అదే నెల 22న ఓజీ పోయాడు. అంతిమయాత్ర ఆ బెంచీ దగ్గర ఆగింది. వీధి పొడవునా జనమే.

నైట్‌డ్యూటీకి ఒక మేత వేస్తున్నాను: ఆ చివరి కచేరీలో వాళ్ళు వాయించినవి నాలుగు పాటలు. మూడు ‘పారనాయిడ్’వి. మొదటి ఆల్బమ్ నుంచి ‘ఎన్.ఐ.బి.’ ఒక్కటే.

నైట్‌డ్యూటీ
సోమవారం, ఉదయం 6:30

బాబాయి గారూ, మీ నోట్లో పంచదార పోయాలి. మూడుకు ఒకటి! రోలింగ్ స్టోన్ పత్రికలో లెస్టర్ బ్యాంగ్స్ ఆనాడే రాశాడు, ఇది బ్లూస్ రాక్ వాయించే క్రీమ్ బృందం లాగే ఉంది కానీ అంతకన్నా అధ్వానమని. విమర్శకుడు నా పక్షం, ఓజీ కూడా నా పక్షమే.

పాతరికార్డు
సోమవారం, ఉదయం 9:15

విమర్శకులు ఏమన్నా ఇంగ్లండులో అది ఎనిమిదో స్థానం దాకా వెళ్ళింది, అమెరికాలో ఇరవై మూడు. సింగిల్ ఆడలేదు, పత్రికలు తిట్టాయి. అయినా రికార్డు అమ్ముడైంది. చెవులున్నవాళ్ళు ఒకరికొకరు చెప్పుకున్నారు.

బ్యాంగ్స్ మాటలో ఒక సత్యం లేకపోలేదు. క్రీమ్ పోలిక తప్పు కాదు, వీళ్ళ మూలాలు అవే. ‘వార్నింగ్’లో ఆ వాసన గుప్పుమంటుంది. నేను ఆ ఆల్బమ్‌ను ఇష్టపడటానికి కారణం కూడా అదే. బ్లూస్ బృందం ఒకటి ఇంకో జీవిగా మారుతుంటే మధ్యలో తీసిన చిత్రం ఈ రికార్డు. ‘పారనాయిడ్’ నాటికి మార్పు పూర్తయింది. నాకు పూర్తయిన దానికన్నా అవుతున్నదే ముచ్చటగా ఉంటుంది. ఇది అభిరుచి తేడా, నైట్‌డ్యూటీ బాబుతో ఇక వాదించను.

కొత్తగా వినేవాళ్ళకు ఒక సూచన. ఇంగ్లండు ముద్రణలో రెండో వైపు ‘ఈవిల్ వుమన్’తో మొదలవుతుంది. అమెరికా ముద్రణలో దాని బదులు ‘వికెడ్ వరల్డ్’ ఉంది. అమెరికావాళ్ళు పాటల ముందు వచ్చే చిన్న చిన్న వాయిద్య భాగాలకు కూడా ‘వాస్ప్’, ‘బేసికలీ’ లాంటి పేర్లు పెట్టి అట్ట మీద అచ్చేశారు. అవి విడి పాటలని వెతుక్కోకండి. నా ఓటు అమెరికా ముద్రణకే. చేతికి దొరికితే ఇంగ్లండులో వర్టిగో అనే రికార్డు లేబుల్ వేసిన ముద్రణ కూడా ఒకసారి తిప్పి చూడండి. లేబుల్ మీది నలుపు తెలుపుల సుడి తిరుగుతుంటే నిజంగానే కళ్ళు తిరుగుతాయి.

మేళకర్త72
సోమవారం, మధ్యాహ్నం 2:20

పాతరికార్డు గారి మాట విని రెండో వైపు కూడా విన్నాను. ఒక సందేహం. ‘స్లీపింగ్ విలేజ్’ మొదట్లో మోర్సింగ్ వినిపించింది. నా చెవి నన్ను మోసం చేస్తోందా? మా అబ్బాయి అది గిటారు ఎఫెక్ట్ అంటున్నాడు. మృదంగం పక్కన మోర్సింగ్ విని పెరిగినదాన్ని, నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

డోలు_దెబ్బ
సోమవారం, మధ్యాహ్నం 2:45

మీ చెవే గెలిచిందమ్మా. అది మోర్సింగ్ కుటుంబపు వాయిద్యమే, యూరప్‌లో వాడే రకం. పళ్ళ మధ్య పట్టుకుని నాలుకను మీటడం, అదే పద్ధతి. వాయించింది నలుగురిలో ఎవరూ కాదు, నిర్మాత రోజర్ బెయిన్.

నైట్‌డ్యూటీ
సోమవారం, మధ్యాహ్నం 3:10

బ్లాక్ సబాత్‌లో మోర్సింగా? ఇన్నాళ్ళూ ఒక్కరూ చెప్పలేదే!

‘స్లీపింగ్ విలేజ్’ ఇవాళ మళ్ళీ పెడతాను. ‘వార్నింగ్’ మొదలవగానే ఆపేస్తానని మాత్రం ముందే మనవి చేస్తున్నాను.

ఆరోతీగ
సోమవారం, మధ్యాహ్నం 3:12

రెండింటి మధ్య విరామం ఉండదు తమ్ముడూ. ఒకదాంట్లోంచి ఇంకొకదాంట్లోకి జారిపోతుంది. ఎక్కడ ఆపుతావో చూస్తాను.